లక్షద్వీపా, అండమానా? పగడపు దీవి చూడాలంటే విశాఖవాళ్లకు ఏది మేలు

పగడాలు చూడాలని విశాఖలో ఎవరికి మనసైనా ముందు తట్టేది అండమానే. మన పోర్టు నుంచే శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఓడ ఉంది, ముఖ్యమైన దీవులకు మనకు పర్మిట్ కూడా అక్కర్లేదు. లక్షద్వీప్‌కైతే ముందే పర్మిట్ తీసుకుని, మామూలుగా కొచ్చి దాకా పోయి, అక్కడ ఓడో విమానమో ఎక్కాలి. అయినా నన్నడిగితే లక్షద్వీపే ముందు చూడమంటాను.

అండమాన్ దీవులు సముద్రంలోంచి పైకి తేలిన కొండల వరస. మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండలే సముద్రంలోకి సాగి అలా దీవులయ్యాయి. పగడాలు వాటి ఒడ్డును అంటిపెట్టుకుని పెరిగాయి. అక్కడ నేల ఇంకా కదులుతూనే ఉంది: 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో కొన్నిచోట్ల పగడాలు నీటిపైకి లేచి ఎండకు చచ్చిపోయాయి. దక్షిణపు కొసన, నికోబార్‌లో ఇందిరా పాయింట్ సుమారు నాలుగు మీటర్లు కుంగింది.

లక్షద్వీప్‌లో కొండ లేదు, రాతి నేల లేదు. పగడమే నేల. ఆ దీవుల అడుగున సముద్రంలో ఒక పొడవాటి అగ్నిపర్వతాల గట్టు ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను మీద లావా పోసిన, భూమి లోపలి వేడిచోటే (హాట్‌స్పాట్), మన భూఖండం ఉత్తరానికి జరుగుతుంటే వెనక ఆ గట్టునూ పరిచింది. రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల్లో కనిపించే నల్లరాయి కూడా ఆనాటి లావాయే. కాబట్టి లక్షద్వీప్ మనకు అనుకున్నంత పరాయిదేం కాదు.

ఆ గట్టు మెల్లగా కుంగింది. పగడానికి వెలుతురు కావాలి. దాని ఒంట్లో కాపురముండే నాచు ఎండతోనే ఆహారం చేసి పెడుతుంది. అందుకే కింద కొండ దిగిపోతుంటే పగడం తన పాత గూళ్ల మీదే కొత్తవి కట్టుకుంటూ పైకి వచ్చింది. చివరికి కొండ కనిపించదు, దాని చుట్టూ కట్టిన వలయం, మధ్యలో లోతు తక్కువ మడుగు మిగులుతాయి. అదే అటోల్. డార్విన్ 1842లోనే ఇలా చెప్పాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్‌లో తవ్వినప్పుడు 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి దాటాక గానీ అగ్నిపర్వతపు రాయి తగల్లేదు. అంత ఎత్తు కట్టినవి వేలిగోరంత ప్రాణులు! ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

లక్షద్వీప్‌లోని తెల్లటి ఇసుకలోనూ చాలా భాగం పగడపు పొడే. చిలక చేపలు పగడపు రాతిని ముక్కుతో గీకి తిని, ఇసుకగా విసర్జిస్తాయి. దీవి కింద ఉప్పునీటి మీద వాననీరు పలచటి పొరగా తేలుతూ నిలుస్తుంది. బావులకు అదే ఆధారం, ఎక్కువ తోడితే ఉప్పే వస్తుంది.

జంతువుల లెక్కకొస్తే అండమాన్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. పగడాల రకాలే అక్కడ చాలా ఎక్కువ. ఉప్పునీటి మొసళ్లు, డుగాంగ్‌లు (సముద్రపు ఆవులు), నార్కొండం దీవిలో మాత్రమే ఉండే హార్న్‌బిల్, అన్నిటికీ మించి దట్టమైన అడవి. పిల్లలతో వెళ్లేవాళ్లు, అడవి ఇష్టపడేవాళ్లు అటే వెళ్లండి. 1983లో ఏర్పడ్డ వండూర్ సముద్ర జాతీయ పార్కు చాలు, తనివి తీరుతుంది.

లక్షద్వీప్‌లో రకాలు తక్కువే గానీ ఏ ప్రాణి ఏం చేస్తోందో కళ్లెదుటే తెలుస్తుంది. మన ఆర్కే బీచ్‌కి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చి వెళ్లిపోతాయి. అగత్తి మడుగులో పచ్చ తాబేళ్లు కాపురమే ఉంటాయి, సముద్రపు గడ్డిని మొదలంటా మేసేస్తాయి. చెట్టన్నది లేని పిట్టి దీవిలో సూటీ టెర్న్ పక్షులు ఇసుక మీదే గుడ్లు పెడతాయి.

లక్షద్వీప్‌ను ముందు చూడమనే తొందరెందుకంటే, 1998, 2010, 2016ల్లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబారాయి, చాలా చచ్చిపోయాయి. నీటికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులో ఉన్న దీవికి పగడమే గోడ. అండమాన్‌లో పగడం పోయినా కొండ ఉంటుంది.

ఎటు వెళ్లినా ముందు పాటు సమయంలో తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల గుంటల్లోకి చూడండి. అక్కడి సముద్రపు పూలు, జోయాంథిడ్‌లు పగడాల దాయాదులే. గోదావరి లాంటి నదులు మోసుకొచ్చే బురద, మంచినీళ్ల వల్ల ఇటు తీరంలో పెద్ద పగడపు దిబ్బలు కట్టలేదు.

లక్షద్వీప్‌లోనూ దీవి చూసి ఎంచుకోండి. ఆంద్రోత్ అన్నిటికన్నా పెద్దదే గానీ దాని మడుగు దాదాపు పూడిపోయింది. వలయం, మడుగు రెండూ స్పష్టంగా కనపడాలంటే బంగారం దీవి మేలు.