వైజాగ్‌లో మెరైన్ ట్యాంక్ 'ఫుల్ ప్యాకేజీ' తీసుకుంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

మన ఊళ్లో ఒక అక్వేరియం షాపు మూడడుగుల ఉప్పునీటి ట్యాంకుని "అన్నీ కలిపి 48 వేలు, సాయంత్రానికి చేపలు ఈదుతుంటాయి సార్" అని అమ్ముతోంది. నాకూ వాళ్లకీ గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయట్లేదు. ఇదే మాట ఏ షాపువాళ్లు చెప్పినా సరే, "సాయంత్రానికి" అనగానే లేచి వచ్చేయండి.

నాకు రాసిచ్చిన ఎస్టిమేట్‌లో గ్లాసు, స్టాండు, లైటు, నీటిలో మురికి తీసే స్కిమ్మర్, నీటిని కదిలించే వేవ్‌మేకర్, రాళ్లు, రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక బ్లూ ట్యాంగ్ చేప ఉన్నాయి. సముద్రపు నీళ్లు తయారుచేసే మెరైన్ సాల్ట్ లేదు, అది కలపడానికి లవణాలన్నీ తీసేసిన ఆర్‌ఓ-డీఐ నీళ్లు లేవు, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ లేదు, నీటిలో అమ్మోనియా లాంటివి చూసే టెస్ట్ కిట్లు లేవు, నీటిని చల్లబరిచే చిల్లర్ లేదు. అంటే సముద్రం తప్ప అన్నీ ఉన్నాయన్నమాట. నీళ్ల సంగతి అడిగితే "మేమే కలిపి తెస్తాం, ఫ్రీ" అన్నారు.

తెచ్చారు, క్యాన్లలో. ట్యాంకు నింపి, ఉప్పదనం చూడటానికి ముల్లు ఉండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ముంచి చూపించారు. సాంద్రత 1.025, సముద్రపు నీటికి కరెక్ట్‌గా ఉందన్నారు. ఆ ముల్లుకి సన్నటి గాలిబుడగలు అంటుకుని ఉన్నాయి. బుడగలుంటే ముల్లు పైకి లేస్తుంది, లేని ఉప్పు ఉన్నట్టు చూపిస్తుంది. భీమిలి వైపు రొయ్యల హేచరీలో పనిచేసే మా ఫ్రెండు రిఫ్రాక్టోమీటర్ తెచ్చి, గాజు మీద ఒక్క చుక్క వేసి, కిటికీ వైపు తిప్పి చూశాడు. 25 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ల నీటిలో 25 పాళ్లే ఉప్పు. ఉండాల్సింది 35 దగ్గర. గట్టిగా నిలదీస్తే అసలు విషయం చెప్పారు: "బీచ్ నీళ్లే సార్, నేచురల్."

వానాకాలం వెళ్లాక నదుల వరద నీరంతా కలిసి మన తీరంలో పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా ఊళ్లో గెడ్డలు (వాగులు) కలిసేది ఆ ఒడ్డునే. బంగాళాఖాతం ఎదురుగా ఉంది కదా, నీళ్లు ఊరికే వస్తాయనుకునే వాళ్లకి ఈ సంగతి తెలియాలి.

ఆ నీళ్లలో అదే రోజు చేపల్ని వదిలేశారు. కొత్త ట్యాంకులో అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేప విసర్జించిన అమ్మోనియాలోనే చేప బతకాలి. ముందు ట్యాంగ్ పోయింది, తర్వాత క్లౌన్‌లు. షాపుకి ఫోన్ చేస్తే "మీ నీళ్లు పడలేదు సార్" అన్నారు. నీళ్లు తెచ్చింది వాళ్లే! అయినా పెరిగితే అడుగు దాకా వచ్చే బ్లూ ట్యాంగ్‌ని మూడడుగుల ట్యాంకుకి అమ్మడమే అన్యాయం.

ఇక అసలు ఖర్చు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే అంచుదాకా సుమారు 190 లీటర్లు. రాళ్లు పోను 160 అనుకోండి. లీటరుకి 35 గ్రాముల చొప్పున మొదటిసారే ఐదున్నర కిలోల సాల్ట్ కావాలి. తర్వాత వారం వారం పది శాతం నీళ్లు మార్చినా, ప్రతిసారీ అరకిలో పైనే. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు పనికిరావు. మీటరు పెట్టి చూడండి, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క) సున్నా రాదు. ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్‌ఓ-డీఐ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు, ఎందుకంటే ఉప్పు ఆవిరవదు.

చిల్లర్ గురించి షాపువాళ్లు ఎత్తనే ఎత్తరు. "ఫ్యాన్ పెట్టుకోండి చాలు" అంటారు. ఫ్యాను చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. మే నెలలో మన వైజాగ్ ఉక్కలో తడి బట్టలే ఆరవు, ట్యాంకు ఎక్కడ చల్లబడుతుంది? 200 వాట్ల చిల్లర్ రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 72 యూనిట్లు. అది మీ కరెంటు స్లాబుని ఎక్కడికి తీసుకెళ్తుందో పాత బిల్లు పక్కన పెట్టుకుని లెక్కేయండి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు కూడా లెక్కలో ఉండాలి. 2014 హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో ప్రమాదం. "సముద్రం నుంచి వచ్చిన కోరల్ ఉంది, ఎవరికీ చెప్పకండి" అని లోపలి గదిలో చూపించారు. మన సముద్రాల్లోని గట్టి పగడాలు, సీహార్స్‌లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. కేసు అమ్మినవాడితో ఆగదు, కొన్నవాళ్ల మెడకీ చుట్టుకుంటుంది. క్లౌన్ ఫిష్ అయితే హేచరీలో పుట్టినవే దొరుకుతున్నాయి, వాటినే అడగండి.

డబ్బు వెనక్కివ్వమంటే బిల్లు వెనక చిన్న అక్షరాల్లో "జీవాలకు గ్యారంటీ లేదు" అని ఉన్నది చూపించారు. చేపల సంగతి సరే, నీళ్ల మాటేమిటని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. చేత్తో రాసిన ఎస్టిమేట్ ఫొటో, "నీళ్లు మేమే కలిపి తెస్తాం" అన్న వాట్సాప్ మెసేజ్ నా దగ్గరున్నాయి. ఇలాంటి ఎస్టిమేటే మీకూ ఇచ్చి ఉంటే పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి.