గేటు దగ్గర గాలి ఇస్తామన్న క్యాంపు, మా ఏడు కంప్రెసర్ల పరీక్ష

మా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండ్ల) క్లబ్ ఈసారి ఇసుక దిబ్బల దగ్గర కలిసింది. మూడు పగళ్ళు, రెండు రాత్రులు, 18 బండ్లు. దిబ్బల మీద తిరగడం హాయిగా గడిచింది. రెండు బండ్లు ఇరుక్కుంటే లాగి బయటపడేశాం, అంతకు మించి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. చెప్పుకోవాల్సింది మూడో రోజు ఉదయం క్యాంపు గేటు దగ్గర జరిగింది.

బుకింగ్ చేసేటప్పుడు ఆ క్యాంపు వాళ్ళు స్పష్టంగా రాశారు: బయటికి వెళ్ళే గేటు దగ్గర టైర్లకు గాలి పడతాం, దానికి వేరే డబ్బులు లేవు, అంతా గుడారం అద్దెలోనే అని. ఆ ఒక్క మాట చూసే ఐదో వంతు అద్దె ఎక్కువైనా పక్క క్యాంపు వదిలేసి ఇక్కడికి వచ్చాం. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గిస్తాం, రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపుకోవాలి. 18 బండ్లు, అంటే 72 టైర్లు. గాలి సదుపాయం ఉంటే ఎంత పని తప్పుతుందో ఈ దారిన తిరిగిన వాళ్ళకు చెప్పక్కర్లేదు.

గేటు దగ్గరికి వెళ్ళి చూస్తే మిషన్ ఒక్కటే ఉంది. గొట్టానికి మూడు చోట్ల టేపు చుట్టారు, కొట్టిన గాలిలో సగం అక్కడే బుస్సుమని పోతోంది. గేజీ ముల్లు 22 దగ్గర ఇరుక్కుపోయింది. గొట్టం టైరు నుంచి పీకేసినా అది 22 దగ్గరే ఉంది. అక్కడున్న కుర్రాడు, "ఇది చిన్న కార్లకండీ, ఇంత పెద్ద టైర్లకు పనికిరాదు" అన్నాడు. అతని తప్పేం లేదు, ఉన్నమాట చెప్పాడు. మేనేజర్ దగ్గరికి వెళ్ళి అడిగాం. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "గాలి ఉందని రాశాం, ఎంతసేపట్లో పడుతుందో రాయలేదు కదా" అన్నాడు. తొందరగా కావాలంటే లోపల మంచి మిషన్ ఉందట. దానికి బండికి ఒక రాత్రి అద్దెలో నాలుగో వంతు కట్టాలట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇది సౌకర్యానికి సంబంధించిన గొడవ కాదు. ఇసుకలోకి దిగే ముందు అందరం టైర్లలో గాలి 15 పీఎస్‌ఐకి (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) దించాం. గాలి తగ్గితే టైరు నేలను తాకే భాగం పొడవుగా సాగుతుంది, బండి బరువు ఎక్కువ చోటుకు సర్దుకుంటుంది, ఇసుకలో కూరుకుపోదు. అదే 15తో తారు రోడ్డెక్కి వేగం పెంచితే టైరు పక్కగోడలు మడతపడుతూ లేస్తూ వేడెక్కిపోతాయి, పగిలే ప్రమాదం ఉంది. మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారిపోవచ్చు కూడా. మా బండ్లకు రోడ్డు మీద ఉండాల్సింది 35. గేటుకీ హైవేకీ మధ్య గాలి దొరకకపోతే పిల్లలతో ప్రయాణం చేసేవాళ్ళ పరిస్థితి ఏమిటో ఆ మేనేజర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

డబ్బు కట్టేది లేదని అందరం ఒకే మాట మీద నిలబడ్డాం. ఎవరి డిక్కీలో ఉన్న కంప్రెసర్ వాళ్ళు తీశారు. ఏడు తేలాయి. క్లబ్‌లో అందరికంటే పెద్దాయన వాచీ చూసుకుంటూ, "ఎలాగూ ఆగాం, ఏది ఎంతసేపు తీసుకుంటుందో లెక్క రాద్దాం" అన్నారు. టైరు సైజులు వేరైతే పోలిక కుదరదు కాబట్టి ఒకే బండి, ఒకే వెనక టైరు, 265/65 ఆర్17. ప్రతిసారీ 15కి దించి, 35 దాకా ఎక్కించాం. ఆ సైజు టైరులో సుమారు 75 లీటర్ల గాలి పట్టే చోటు ఉంటుంది. 20 పీఎస్‌ఐ పెంచాలంటే బయటి గాలి దాదాపు 100 లీటర్లు లోపలికి తొయ్యాలి. నాలుగు టైర్లకు 400 లీటర్లు.

మొదట మా బావగారి మిషన్ పెట్టాం. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్నది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో హెవీ డ్యూటీ అని ఉంది. టైరుకు 7 నిమిషాల 10 సెకన్లు పట్టింది. పరీక్ష అయ్యాక ఆయన తన బండికి పెట్టుకుంటే రెండో టైరు మధ్యలో అదే ఆగిపోయింది. లోపల వేడెక్కితే ఆపేసే ఏర్పాటు ఉంటుంది, అది పని చేసింది. మళ్ళీ కదలడానికి 20 నిమిషాలు పట్టింది. బావగారు అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క బండిలో కూర్చుని, "నేను అప్పుడే చెప్పాను కదండీ" అని రెండుసార్లు అంది. మూడోసారి అనకుండా నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను.

బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే సింగిల్ సిలిండర్ మిషన్లు మూడు ఉన్నాయి. అవి 2 నిమిషాల 30 సెకన్ల నుంచి 3 నిమిషాల 5 సెకన్ల లోపు ముగించాయి. ఇవి 30 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతాయి, అందుకే వాటిని సాకెట్‌కు పెట్టకూడదు. ఒకాయన అడాప్టర్ కొనుక్కుని సాకెట్‌కే పెట్టారు, 15 ఆంపియర్ల ఫ్యూజు క్షణంలో పోయింది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి నేరుగా బ్యాటరీకి పెట్టడమే పద్ధతి.

రెండు సిలిండర్ల మిషన్లు (ట్విన్ అంటారు) రెండు వచ్చాయి, అసలు పాఠం అక్కడ తెలిసింది. రెండింటి డబ్బాల మీదా ఇంచుమించు ఒకే సంఖ్య, 6 సీఎఫ్‌ఎంకు (నిమిషానికి తోసే గాలి, ఘనపు అడుగుల్లో) కాస్త అటూ ఇటూ. ఒకటి 1 నిమిషం 5 సెకన్లలో పూర్తి చేసింది. రెండోది 1 నిమిషం 55 సెకన్లు తీసుకుంది. ఎందుకంటే డబ్బా మీద రాసేది చాలావరకు సున్నా పీఎస్‌ఐ దగ్గరి లెక్క, అంటే గొట్టం గాల్లో వదిలేసినప్పటిది. టైరులో ఒత్తిడి పెరిగే కొద్దీ మిషన్ తోసే గాలి తగ్గుతుంది. కొన్ని కంపెనీలు రెండు లెక్కలూ రాస్తాయి. ఏఆర్‌బీ ట్విన్ మోటార్ కంప్రెసర్‌కు సున్నా దగ్గర 6.16 సీఎఫ్‌ఎం, 29 పీఎస్‌ఐ దగ్గర 4.68 అని ఆ కంపెనీయే చెబుతుంది. నా దృష్టిలో ఆ రెండో సంఖ్య రాయని మిషన్ కొననే కూడదు. దాని పక్కనే డ్యూటీ సైకిల్ కూడా చూడాలి. 33 శాతం అంటే పది నిమిషాలు నడిపితే ఇరవై నిమిషాలు ఆపాలని అర్థం. అది ఎంత ఒత్తిడి దగ్గర చెప్పిన శాతమో కూడా చదవాలి.

ఏడోది కంప్రెసర్ కాదు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. 35 సెకన్లలో టైరు నిండింది, అందరం చప్పట్లు కొట్టాం. కిలో ద్రవం నుంచి 500 లీటర్లకు పైగా వాయువు వస్తుంది కాబట్టి నాలుగు టైర్లకు కిలో లోపే ఖర్చు. వేడెక్కడం లేదు, పైగా సిలిండర్ చల్లబడి పైన మంచు పేరుకుంది. కానీ అయిపోతే మళ్ళీ నింపించే చోటు వెతుక్కోవాలి, బరువు మోయాలి. నేనైతే తీసుకోను.

చిన్న సంగతులే గానీ ఇవి కూడా చూసుకోవాలి. గాలి ఎక్కుతుండగా గేజీ చూపేది గొట్టంలోని ఒత్తిడి. మిషన్ ఆపి చూస్తేనే టైరుది తెలుస్తుంది. మరచుట్టి బిగించే గొట్టం మూతి విప్పేలోపు కొంత గాలి పోతుంది, క్లిప్పు మూతి నయం. ఇత్తడి మూతి చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, మా వాళ్ళలో ఒకమ్మాయికి వేలు బొబ్బెక్కింది, గ్లౌజులు తప్పనిసరి. మిషన్‌ను ఇసుకలో నేరుగా పెట్టకండి, ఫిల్టర్‌లోకి దుమ్ము పోతుంది. కింద పట్టా వేయండి.

18 బండ్లకూ గాలి పట్టేసరికి 2 గంటల 40 నిమిషాలు అయింది. వేగంగా పనిచేసిన ఆ ట్విన్ మిషన్ ఒక్కటే తొమ్మిది బండ్లకు పట్టింది. దాని యజమాని చివరిదాకా ఎండలో నిలబడే ఉన్నారు. మేనేజర్ ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

క్యాంపు గురించి న్యాయంగా చెప్పాలంటే గుడారాలు శుభ్రంగా ఉన్నాయి, గాలికి ఊగలేదు, నీళ్ళు రెండు పూటలా వచ్చాయి. గాలి మాట రాయకుండా ఉంటే మంచి క్యాంపనే చెప్పేదాన్ని. ఇప్పుడు మాత్రం ఎవరడిగినా పక్క క్యాంపుకే వెళ్ళమంటాను. ఎక్కడ దిగినా బుకింగ్‌కు ముందు ఫోన్ చేసి మిషన్ ఏది, గొట్టం ఎంత పొడవు, గంటకు ఎన్ని బండ్లు అని అడగండి. జవాబు నసిగితే లేదనే లెక్క.

మర్నాడు తెల్లవారుజామున ఇంటి దగ్గర నాలుగు టైర్లూ చూశాను. 35 పెట్టినవి 32 చూపించాయి. మిట్ట ఎండలో, వేడెక్కిన టైర్లలో కొట్టిన గాలి కదా, చల్లబడితే సుమారు ప్రతి 5, 6 డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ చొప్పున తగ్గుతుంది. బావగారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి తన చిన్న మిషన్ తెచ్చారు. టైరుకు ఒక నిమిషం చొప్పున ఆగకుండా నాలుగింటినీ 35కి తెచ్చింది. ఆయన దాన్ని తుడిచి, డబ్బాలో పెట్టి, ట్విన్ మిషన్ మోడల్ పేరు ఒకసారి చెప్పమని అడిగారు.