అంతర్వేదిలో రాత్రి బస

నేను కోనసీమలోని అంతర్వేదిలో కాపురం పెట్టిన రోజుల్లో, ఊరికి వచ్చిన యాత్రికులకు ఒక రాత్రి ఇక్కడ గడపక తప్పేది కాదు. నరసాపురం నుంచి వశిష్ఠ గోదావరి దాటించే పంటు పొద్దుపోతే తిరిగేది కాదు, సఖినేటిపల్లి రేవు నుంచి బస్సులు అరుదు. అందుచేత లక్ష్మీనరసింహస్వామి దర్శనం, సముద్ర స్నానం ముగించుకొన్నవారు సత్రంలోనో, తెలిసినవారి పెంకుటింటి వసారాలోనో పడుకొని తెల్లవారి బయలుదేరేవారు. చించినాడ వంతెన వచ్చి, 216వ జాతీయ రహదారి బాగుపడ్డాక కార్లు ఉదయం వచ్చి సాయంత్రానికి మరలిపోతున్నాయి. జనం పెరిగారు, ఉండేవారు తగ్గారు. వసతులు కూడా పగటి అతిథుల కొలతకే తయారయ్యాయి. తినుబండారాల దుకాణాలు పెరిగినంతగా మంచి గదులు పెరగలేదు.

గదుల విషయంలో నా సలహా ఒక్కటే: కుళాయి, ఫ్యాను, తలుపు గడియ చూసుకొన్న తరువాతే డబ్బు కట్టండి. బోరు నీరు ఉప్పన కాబట్టి తాగునీటికి కాలువ నీరే ఆధారం. వేసవిలో కాలువలకు నీరు కట్టేసిన వారాల్లో క్యాను నీళ్ళు కొనుక్కోవలసిందే. సౌకర్యమే ప్రధానమైతే, పిల్లలూ పెద్దలూ వెంట ఉంటే, దిండిలో కొబ్బరితోటల మధ్య పర్యాటక శాఖ నడిపే విడిది ఇంతకంటె నయం. కాని అక్కడ ఉన్నది నది, సముద్రం కాదు. తెల్లవారుజామున గోదావరి కడలిలో కలిసే చోటును, ఇక్కడివారు అన్నాచెల్లెళ్ళ గట్టు అని పిలిచే ఆ ఇసుక తిన్నెను జనం లేకుండా చూడాలంటే అంతర్వేదిలోనే పడుకోవాలి.

అలా పడుకొన్నవారు అలల హోరు వింటామనుకొంటే, గది ఎక్కడ తీసుకొన్నారన్నది చూసుకోవాలి. వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న చోట్ల రొయ్యల చెరువులు వెలిశాయి. టైగరు రొయ్య 1990లలో తెల్లమచ్చ తెగులుతో దెబ్బతిన్నా, ఆ తరువాత వచ్చిన వనామీ అనే రొయ్య రకం సాగును మళ్ళీ నిలబెట్టింది. చెరువుల పక్కన గది తీసుకొంటే రాత్రంతా నీటికి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడే. ఊరికి డబ్బు తెచ్చినవి ఆ చెరువులే కాబట్టి వాటిని తిట్టిపోయలేను. పక్క చేలల్లోకి ఉప్పు ఊరడం చూస్తూ మెచ్చుకోనూ లేను.

సముద్రం మాత్రం నేను వచ్చినప్పుడు ఉన్న చోట లేదు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు వేళ నీరు మునుపటికంటె లోపలికి వస్తోంది, గట్టున సరుగుడు చెట్లు వేళ్ళతో సహా ఒరుగుతున్నాయి. గోదావరి మీదా ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టలు ఒండ్రును పైనే ఆపేయడం వల్ల డెల్టా అంచుకు చేరే మట్టి తగ్గిపోయింది. విచిత్రం ఏమిటంటే, ఒకవైపు ఒడ్డు కోసుకుపోతుంటే మరోవైపు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తోంది, పల్లిపాలెం జాలర్ల బోట్లు లోపలికి రావడానికి పోటు కోసం వేచి ఉంటున్నాయి. కనుక పడవ షికారుకు ఎవరైనా పిలిస్తే, లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి. గాలి లేచిన మధ్యాహ్నం మొగ దాకా వెళ్ళమని అడగకండి. స్నానం కూడా ఊరివారు చేసే చోటే చేయాలి.

చేపల కూర కోసమే వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం. ఆ 61 రోజుల్లో హోటల్లో సముద్రపు చేప అని వడ్డిస్తే ఎక్కడిదని అడగడం తప్పు కాదు.

మాఘమాసంలో దశమి నాటి కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి గది దొరకడం కష్టం. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, మరుసటి మాఘానికే కొత్తది సిద్ధమైంది. ఉత్సవం చూడాలనుకొంటే నరసాపురంలో బస చేసి పంటు దాటడం మేలు. ప్రశాంతంగా ఉండాలనుకొంటే సంక్రాంతికీ కల్యాణానికీ మధ్య రోజులు అనువైనవి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను భయం ఉంటుంది, 1996 నవంబరు 6 నాటి గాలికి కోనసీమ కొబ్బరి నేలకొరిగిన సంగతి ఇక్కడ ఎవరూ మరువలేదు. వరదల కాలంలో పంటు ఆపేస్తారు కనుక, నరసాపురం మీదుగా వచ్చేవారు రేవులో దాని వేళలు కనుక్కొనే బయలుదేరాలి.