ఒక్కరోజు పంచారామాల బస్సు: ఐదూ చూపించారు, కానీ...

కార్తీక మాసం వస్తోందంటే చాలు, పంచారామాలనే ఐదు శివక్షేత్రాలూ ఒకే సోమవారం చూపించేస్తాం అంటూ విజయవాడలో ఎక్కడ చూసినా ట్రావెల్స్ వాళ్ల ఫ్లెక్సీలే. అందులో ఒకళ్ల బస్సులో అమ్మనీ పెద్దమ్మనీ తీసుకుని వెళ్లొచ్చాను. పేరు చెప్పదలుచుకోలేదు, ఎందుకంటే వేరే బస్సుల్లో ఇంతకు ముందు వెళ్లినవాళ్లు కూడా ఇంచుమించు ఇదే కథ చెప్పారు. ముందు మంచి మాట చెప్పేస్తా, ఐదు గుళ్లూ చూపించారు, ఒక్కటీ ఎగ్గొట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లకి కావాల్సిందీ అదే. నా పేచీ అంతా ఎక్కడ ఎంతసేపు ఆపారు అన్న దాని మీద.

టికెట్టు ఆర్టీసీ వాళ్లు కార్తీకంలో వేసే పంచారామ స్పెషల్ కంటే ఎక్కువే. ఏసీ బస్సు, సీట్లు బాగా వాలతాయి, డ్రైవర్ మాత్రం బంగారం లాంటి మనిషి, ఒక్కసారి కూడా సడన్ బ్రేక్ వేసింది లేదు. కానీ ఆదివారం రాత్రి ఊరంతా తిరిగి జనాన్ని ఎక్కించుకుంటూ, అది చాలదన్నట్టు టీవీలో పాత భక్తి సినిమా ఒకటి ఫుల్ సౌండ్‌తో పెట్టారు. తెల్లారితే ఐదు గుళ్లు తిరగాల్సిన ముసలివాళ్లని ఆ కాస్త నిద్ర కూడా పోనివ్వకపోతే ఎలాగండీ? అడిగితే తగ్గించారు, కాసేపటికి మళ్లీ పెంచారు.

అమరావతి తెల్లవారుజామున. ఇక్కడ మాత్రం వంక పెట్టడానికి లేదు. కృష్ణలో స్నానం, ఒడ్డునే అరటి దొప్పల్లో దీపాలు వదలడం, అట్నుంచి అటే పైకెక్కి అమరలింగేశ్వరుడి దర్శనం. లింగం ఎంత పొడవంటే పూజారి పైకెక్కి అక్కణ్ణుంచి అభిషేకం చేస్తారు. స్వామి అదే పనిగా పెరిగిపోతుంటే నెత్తిన మేకు కొట్టారనీ, రక్తం కారిన చార ఇప్పటికీ ఉందనీ అమ్మ చెబుతుంటే వెనకాల క్యూలో పిల్లలు నోరెళ్లబెట్టి విన్నారు. తడిబట్టలు మార్చుకోవడానికి, దీపాలకి, దర్శనానికి సరిపడా టైమిచ్చారు, మెచ్చుకోవాలి.

అక్కణ్ణుంచి భీమవరం దాకా దూరం ఎక్కువ, అసలు గొడవ మొదలైందీ అక్కడే. దారిలో ఒక హోటల్ దగ్గర టిఫిన్ కోసం ఆపారు, ఆపడం తప్పని నేననను, కానీ బస్సులో సగం మంది ఉపవాసం, కాఫీ తప్ప ఏమీ ముట్టరు, చీకటి పడి నక్షత్రం కనబడితే గానీ భోంచెయ్యరు. వాళ్లంతా బస్సులోనే కూర్చుని కిటికీలోంచి దోసెలు చూస్తూ గడిపిన ఆ టైమంతా తర్వాత గుళ్ల దగ్గర కోత పడింది. ఆర్గనైజర్‌కీ హోటల్‌కీ లెక్కలేవో ఉన్నట్టున్నాయి అని పెద్దమ్మ పైకే అనేసింది. పోనీ అంతసేపు ఆపినచోట ఆడవాళ్లకి బాత్రూమ్ అయినా సరిగ్గా ఉందా అంటే, తలుపుకి గడియ లేదు.

భీమవరం గునుపూడిలో సోమారామం. చంద్రుడు ప్రతిష్ఠించిన లింగం కాబట్టి పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లబడి కనిపిస్తుందని అందరికీ తెలిసిన సంగతే. మా అమ్మకి నచ్చింది మాత్రం అది కాదు, కింద సోమేశ్వరుడుంటే ఆయన పైఅంతస్తులో అన్నపూర్ణమ్మ ఉండటం. ‘చూశావా, ఇక్కడ అమ్మవారిదే పైచేయి’ అని మెట్లెక్కుతూ ఒకటే నవ్వు. అక్కణ్ణుంచి పాలకొల్లు దగ్గరే, అక్కడి గుడి 9 అంతస్తుల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది, క్యూ కూడా చకచకా కదిలింది.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. సిద్ధాంతం వంతెన ఎక్కి గోదావరి కనపడగానే పెద్దమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్లలు తీసింది. ఏసీ బస్సు, అద్దాలు తెరుచుకోవు. ఆవిడ మొహం చిన్నబోవడం అద్దంలో చూసిన డ్రైవర్ బస్సు బాగా స్లో చేశాడు, క్లీనర్ కుర్రాడు వచ్చి చెయ్యి చాపి, అందరి చిల్లరా పోగేసుకుని, డోర్ దగ్గర నిలబడి, ‘మామ్మగారూ, మీది ఇదిగో’ అని ఒక్కొక్కటే విసిరాడు. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన వచ్చేసరికి ఎవరూ అడగకుండానే మళ్లీ వచ్చి చెయ్యి చాపాడు. ఈ ఇద్దరి కోసమైతే ఎన్ని స్టార్లైనా ఇస్తాను.

ఇక ద్రాక్షారామం. శ్రీశైలం, కాళేశ్వరంతో కలిపి త్రిలింగాల్లో ఒకటి, మాణిక్యాంబ అమ్మవారు అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు, రెండంతస్తుల గర్భగుడిలో భీమేశ్వరుణ్ణి కిందా పైనా రెండుచోట్లా చూడాలి, పక్కనే సప్తగోదావరి గుండం, గోడల మీదా స్తంభాల మీదా చేత్తో తడమగలిగేంత దగ్గరలో వందల ఏళ్ల నాటి శాసనాలు. ఇంత ఉన్న గుడికి మాకిచ్చింది అరగంట! కార్తీక సోమవారం క్యూ సంగతి తెలిసి కూడా. స్వామి దర్శనం చేసుకుని అమ్మవారి దగ్గరకి వెళ్తుండగానే ‘మన బస్సు వాళ్లు రండమ్మా, లేటైపోతోంది’ అని మండపంలో నిలబడి కేకలు. మేం వినిపించనట్టే నటించి అమ్మవారికి కుంకుమ పూజ చేయించుకునే వచ్చాం, బస్సులో కొందరు గుర్రుగా చూశారు, చూడనీ.

సామర్లకోట చేరేసరికి చీకటి పడింది. చాళుక్య భీముడు కట్టించిన గుడి, వెయ్యేళ్లు దాటింది, కింది అంతస్తులో మొదలైన సున్నపురాతి లింగం కప్పు దాటుకుని పైఅంతస్తులోకి వస్తుంది, పూజలన్నీ పైనే. ఆ రాతి మండపాలూ నందీ పగటి వెలుతురులో చూడాల్సినవి. కాళ్లు పీక్కుపోతూ, ఎప్పుడు ఇల్లు చేరతామా అనుకుంటూ చూసే గుడి కాదది. అందరం వరసలో వెళ్లాం, దణ్ణం పెట్టుకున్నాం, వచ్చేశాం. అక్కణ్ణుంచి విజయవాడకి మళ్లీ 200 కిలోమీటర్ల దాకా ప్రయాణం.

ఒకే సోమవారం ఐదూ చూస్తానని మొక్కుకున్నవాళ్లు ఈ బస్సు ఎక్కండి, సొంత కారులో కంటే సుఖమే, డ్రైవింగ్ టెన్షన్ ఉండదు. కాకపోతే డబ్బులు కట్టేముందే ద్రాక్షారామంలో ఎంతసేపు ఆపుతారో గట్టిగా అడగండి, స్పెషల్ దర్శనం టికెట్లు వాళ్లిస్తారా మనమే కొనాలా అన్నది కూడా (మాకు ఫ్లెక్సీలో ‘దర్శనంతో సహా’ అని రాసి, తీరా అక్కడికెళ్లాక మీరే కొనుక్కోండి అన్నారు). మొక్కు లేనివాళ్లయితే, విజయవాడ, గుంటూరు జనానికి అమరావతి ఎప్పుడైనా పొద్దున్నే వెళ్లొచ్చేదే కాబట్టి దాన్ని విడిగా పెట్టుకుని, రైల్లో సామర్లకోటలో దిగి, అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుని ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం చూసుకుంటూ వెనక్కి రండి, మామూలు వారంలో రెండు రోజులు పెట్టుకుంటే ఇంకా మేలు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం గుళ్లు కొన్ని గంటలు మూస్తారు, అది చూసుకోండి.

365 వత్తుల కట్ట మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి. ముందురోజే నేతిలో నానబెట్టి మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటే, రేవు దగ్గర గాలిలో అగ్గిపుల్లలన్నీ అవగొట్టుకునే పని ఉండదు.