హాగి గుయినోమి కొనేటప్పుడు అమ్మేవాడి బొటనవేలు ఎక్కడుందో చూడండి

షాపు పేరు రాయను. టోక్యోలో ఉంటూ గుయినోములు, అంటే సాకే అనే బియ్యపు మద్యం తాగే చిన్న కప్పులు, పోగుచేసే మనవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్తామే, ఆ పాత సామాన్ల షాపే. నిన్న సాయంత్రం అక్కణ్ణుంచి తిరిగొచ్చాను. రాత్రంతా నిద్ర లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, ఇంకొకరు ఆ మెట్లెక్కకముందే చదవాలని.

పోయిన వారం అక్కడ ఒక హాగి గుయినోమి, మట్టిపాత్రలకి పేరున్న హాగి ఊరిది, కొన్నాను, 85,000 యెన్లు. హాగిలోనే ఆవం పెట్టుకుని ఇప్పటికీ పనిచేస్తున్న ఒక కుమ్మరి చేసింది. ఇందులో ఆయన తప్పేం లేదు కాబట్టి ఆ పేరూ వద్దు. అక్కడ పేరుమోసిన కుమ్మరి కుటుంబం మివా ఇంటివాళ్లవి, అంటే 1970లో నింగెన్ కొకుహో (ప్రభుత్వం సజీవ జాతీయ సంపదగా గుర్తించే కళాకారుడు) అయిన పదో తరం క్యూసెత్సువి, 1983లో అయిన పదకొండో తరం క్యూసెత్సువి, నా జీతానికి అందవు. ఇదొక్కటి కొనడానికే పద్నాలుగు నెలలు డబ్బు దాచాను.

ఆ రోజు షాపాయన ముందు నా చేతికి పెట్టె ఇచ్చాడు. కిరి అనే తేలిక చెక్కతో చేసిన తోమోబాకో, అంటే కుమ్మరే సంతకం చేసి కప్పుతో ఇచ్చే పెట్టె. మూత మీద కుమ్మరి తన చేత్తో కుంచెతో రాసిన పేరు, పక్కన ఎర్ర ముద్ర. నేను ఫోన్ తీసి, అదే కుమ్మరి వేరే పెట్టెల ఫోటోలతో ఆ రాతని గీత గీతా పోల్చుకుంటూ కూర్చున్నాను. రాత అసలుదే, ముద్రా అసలుదే. అంతసేపూ కప్పు ఆయన చేతిలోనే ఉంది. దీపం కింద తిప్పి చూపించాడు, బోర్లించి అడుగు చూపించాడు, వంచి లోపల చూపించాడు. "ముకిజు" అన్నాడు, ఎక్కడా దెబ్బ లేదని. ఒకసారి కాదు, రెండుసార్లు. నేను మూడు ఫోటోలు తీసుకుని డబ్బు కట్టేశాను.

హాగి మట్టి నీళ్లు పీలుస్తుంది కదా, కొత్తగా తెచ్చినప్పుడు గోరువెచ్చని నీళ్లలో నానబెడతాం. ఆ రాత్రే నానబెట్టాను. అరగంటకి తీసి చూస్తే కప్పంతా తడిసి రంగు ముదిరింది. అంచు దగ్గర మాత్రం గోరంత మేర తెల్లగా, పొడిగా అలాగే ఉండిపోయింది. తుడిచి మళ్లీ ముంచాను. మార్పు లేదు. చుట్టూ గ్లేజులో, అంటే పైనున్న గాజు పూతలో, ఉన్న సన్నని నెర్రెల్లోకి నీళ్లు దిగి గీతలు నల్లబడ్డాయి. ఆ ముక్క మీది నెర్రెలు నల్లబడలేదు. అవి నెర్రెలు కావు, ఎవరో వెంట్రుకంత కుంచెతో గీసినవి. గోటితో తడితే మిగతా అంచంతా టిక్కుమంటోంది, అక్కడ మాత్రం మొద్దు చప్పుడు. బ్లాక్‌లైట్ (అతినీలలోహిత) టార్చి వేస్తే నీలంగా మెరిసింది. పెచ్చూడిన చోట రెసిన్ నింపి, రంగు కలిపేసి మాటు వేశారు. ఇలా కనబడకుండా వేసే మాటునే తోమో-నావోషి అంటారు.

అప్పుడు ఆ మూడు ఫోటోలూ తీసి చూశాను. మూడింట్లోనూ ఆయన బొటనవేలు సరిగ్గా ఆ మాటు మీదే ఉంది. కప్పు తిరిగింది, వంగింది, బోర్లపడింది, వేలు మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

మాటు ఉండటం నేరం అనట్లేదు. నా దగ్గర కింత్సుగి చేసిన, అంటే పగులు కనబడేలా బంగారంతో అతికిన, కరాత్సు ఊరి కప్పుంది, అంచున ఆ బంగారు గీతంటే నాకు ప్రాణం. అది పగిలిందని చెప్పి, తగ్గ ధరకే ఇచ్చారు. ఇది దాచి, నిండు ధరకి అమ్మారు. పైగా హాగి కొనేదే రంగు మారుతుందని. ఏళ్ల తరబడి పోసిన సాకే నెర్రెల్లోకి దిగి కప్పు రూపే మారిపోతుంది, దాన్నే హాగి నో నానాబాకె అంటారు, ఏడు మార్పులని. నాతో పాటు ఈ కప్పూ పెద్దదవుతుందనుకున్నాను. ఇప్పుడు కప్పంతా మారుతుంది, ఆ ముక్క మారదు. వాడిన కొద్దీ ఆ మాటు ఇంకా బయటపడుతుంది.

నిన్న పెట్టెతో సహా పట్టుకెళ్లాను. ఆయన కప్పు వైపు చూడనైనా చూడలేదు. రసీదు తెమ్మని, అందులో అడుగున చిన్నగా ఉన్న రెండక్షరాల మీద వేలు పెట్టాడు. గెంజో. ఉన్నది ఉన్నట్టుగా అమ్మినట్టు. "ముకిజు అన్నారు కదండీ" అన్నాను. అన్నట్టు గుర్తులేదన్నాడు. ఫోటోలు చూపించాను. ఫోన్ నెమ్మదిగా నా వైపు తోసేసి, పక్కన టీ తాగుతున్న ఇంకో కొనుగోలుదారుతో జపనీసులో అన్నాడు: "గైజిన్-సాన్ వా హాకో దే కావు కరా నే." విదేశీయులు పెట్టె చూసి కొంటారు కదా, అని. ఆయన నవ్వాడు. ఈయనా నవ్వాడు. నాకు జపనీసు వచ్చని ఆయనకి బాగా తెలుసు. వారం క్రితం ఆ భాషలోనే కదా బేరమాడింది.

డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటోంది, ఎందుకంటే నేను చేసింది అదే. మా అమ్మమ్మ సంతలో నీళ్ల కుండ కొనాలన్నా చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో నాలుగు వైపులా కొట్టి, చెవి పెట్టి విని గాని డబ్బు తీసేది కాదు. చిన్నప్పుడు ఆమె పక్కన నిలబడి అదంతా చూసినవాణ్ణి, అంత డబ్బు పోస్తూ అంచు మీద ఒక్కసారి వేలు పోనివ్వలేదు.

ఈ ఉదయం 188కి ఫోన్ చేశాను, వినియోగదారుల నంబరు. షాపుకెళ్లి మనంతట మనం కొన్నదానికి కూలింగ్ ఆఫ్, అంటే గడువులోగా కారణం చెప్పకుండా కొనుగోలు వెనక్కి తీసుకునే హక్కు, వర్తించదన్నారు. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి అమ్మితే కొనుగోలు రద్దు చేసుకోవచ్చట, కానీ ఆ మాట ఆయన అన్నాడని నేను చూపించాలి. నా దగ్గరున్నది మూడు ఫోటోలు. వాటితోనే ఉత్తరం రాస్తున్నాను.

మీరు కొనేటప్పుడు కప్పు ముందు, పెట్టె తర్వాత. కప్పు మీ చేతికే ఇవ్వమనండి, కళ్లు మూసుకుని అంచు చుట్టూ వేలు తిప్పండి, చిన్న బ్లాక్‌లైట్ జేబులో ఉంచుకోండి. ముకిజు అని నోటితో అంటే రసీదు మీద రాయించుకోండి. రాయనంటే దండం పెట్టి మెట్లు దిగిపోండి.