ఎండిన లోయ వాలు మీద ఏది మేలు: సుబాబుల్ చెట్టా, బండారు పొదా?

చైనాలో యాంగ్‌ట్సీ నది ఎగువ భాగాన్ని జిన్‌షా అంటారు. ఆ లోయలో, యునాన్ రాష్ట్రంలోని యువాన్‌మౌ దగ్గర వాలులు చూస్తే మన అనంతపురం గుట్టలే గుర్తొస్తాయి. చుట్టూ ఉన్న కొండలు మబ్బుల్ని ఆపేస్తాయి, వాటిని దాటి కిందికి దిగే గాలి వేడెక్కిపోతుంది. ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది గానీ, ఆ ఎండకు ఆవిరి కాగల నీళ్లు దానికి ఐదారు రెట్లు. ఆ వాన కూడా చాలావరకు జూన్-అక్టోబర్ మధ్యే. తర్వాత ఎర్రమట్టి నెర్రెలు విచ్చుకుంటుంది.

ఇలాంటి చోట తొందరగా పచ్చదనం కావాలనుకుంటే ఎవరికైనా నీలగిరి, సుబాబుల్ గుర్తొస్తాయి. అక్కడా అవే నాటారు. సుబాబుల్‌ను తీసిపారేయలేం: గాలిలోని నత్రజనిని మట్టికి పట్టిస్తుంది, కట్టె ఇస్తుంది, మేత ఇస్తుంది. చిక్కు నీళ్ల దగ్గరే. నాటిన తొలి వానాకాలంలో మొక్క ఏపుగా లేస్తుంది, చూసినవాళ్లు మురిసిపోతారు. చెట్లు పెద్దవై దగ్గరదగ్గరగా నిలబడ్డాక, ఎండాకాలమంతా వాటిని సాకేంత తేమ ఆ మట్టిలో ఉండదు. పైగా సుబాబుల్ కాయ పగిలి గింజలు కుప్పలుగా రాలితే, అది ఇంకో మొక్కను లేవనివ్వదు.

రెండో దారి, మేకల్నీ గొడ్డళ్లనీ ఆపి కొండను దాని మానాన వదిలేయడం. అప్పుడు ముందు గడ్డి వస్తుంది, బట్టలకు గుచ్చుకునే సూదిగింజల గడ్డి. దాని గింజకు మెలితిరిగిన తోక ఉంటుంది. తడి తగిలితే ఆ మెలి విడిపోతూ గింజను మరమేకులా నేలలోకి తిప్పి దించుతుంది. దాంతోపాటు బండారు పొద. మన గుట్టల మీద ఉండేదే, లేత ఆకు వార్నిష్ పూసినట్టు జిగురుగా మెరుస్తుంది. రెక్కల కాయలు గాలికి ఎగిరి వాలంతా పాకుతాయి. చూడ్డానికి ఇదేం అడవి అనిపిస్తుంది, ఫొటోకు పనికిరాదు. కానీ వాన చినుకు నేరుగా మట్టిని కొట్టకుండా ఆపేది నేలనంటిన ఈ గడ్డే. ఎత్తైన చెట్టు కింద నేల బోసిగా ఉంటే మట్టి కోత ఆగదు.

నా ఓటు రెండోదానికే, ఒక షరతుతో. పైమట్టి పూర్తిగా కొట్టుకుపోయి గట్టి బంకమన్ను తేలిన చోట ఊరికే వదిలేస్తే ఏళ్లు గడిచినా గడ్డిపోచ మొలవదు. అక్కడ వాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారపు గుంటలు తీసి, నీళ్లు నిలబెట్టి, గడ్డి, బండారు విత్తనాలు చల్లాలి. ఖర్చు, కూలి రెండూ ఎక్కువే. చెట్లు నాటాలంటే తేమ చేరే వాగుల అడుగున, ఉసిరి, బూరుగ లాంటివి నాటుకోవచ్చు. అవి ఆ లోయలో పెరిగేవే.

ఇక మేకలున్నవాళ్ల సంగతి. వాళ్లకు వేరే మేత చూపకుండా కొండ మూసేస్తే కంచె నాలుగు రోజులు కూడా నిలవదు. సుబాబుల్‌కు నేనిచ్చే చోటు అదే: ఇళ్ల దగ్గర, చేల గట్ల మీద. కాయ పట్టకముందే కొమ్మ నరికి, వేరే మేతతో కలిపి వెయ్యాలి. అదొక్కటే మేపితే పశువులకు వెంట్రుకలు రాలతాయి.