గంటస్తంభం దగ్గరి పాత పుస్తకాల దుకాణంలో యూరప్ యుద్ధ చరిత్ర

విజయనగరం గంటస్తంభం నుంచి కోట వైపు నడిచే దారిలో, ఒక పక్క సందులో ఉన్న ఈ పాత పుస్తకాల దుకాణానికి బోర్డు లేదు. బయట పేర్చిన పోటీ పరీక్షల గైడ్లు, ఇంటర్ పాఠ్యపుస్తకాలు చూసి చాలామంది అటునుంచి అటే వెళ్ళిపోతారు. లోపల గోడకు ఆనించిన ఇనుప బీరువాలో మాత్రం పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల యూరప్ యుద్ధాల మీద ఇంగ్లీషు పుస్తకాలు రెండు అరల నిండా ఉన్నాయి. మన ఉత్తరాంధ్రలో ఈ విషయం మీద ఇంత సరుకు ఒకే చోట నాకు మరెక్కడా కనిపించలేదు. వీటిలో చాలా భాగం విశాఖలో స్థిరపడిన విశ్రాంత నౌకాదళ అధికారుల ఇళ్ళ నుంచి వచ్చినవని యజమాని చెప్పారు. ట్రఫాల్గర్ నౌకాయుద్ధం మీదా బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ మీదా అన్ని పుస్తకాలు ఎందుకున్నాయో దానితో అర్థమైంది.

రెండు అరల్లో సగానికి పైగా నెపోలియనే ఆక్రమించాడు. అతను చివరిసారి ఓడిన వాటర్లూ యుద్ధం మీద ఉన్నవాటిలో ఏదో ఒకటి కొంటే చాలు. ఏది కొనాలో తేల్చుకోవడానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. చివర ఉన్న విషయసూచికలో, జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా సేనాని బ్లూషర్ పేరు ఎదురుగా ఎన్ని పుటల సంఖ్యలున్నాయో చూస్తాను. 1815 జూన్ 18న అక్కడ బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ నడిపిన సైన్యంలో బ్రిటిష్ వారు సగం కూడా లేరు; మిగిలిన వారు డచ్చి, బెల్జియన్, జర్మన్ రాజ్యాల సైనికులు. సాయంత్రానికి బ్లూషర్ నాయకత్వంలోని ప్రష్యన్ దళాలు ఫ్రెంచి కుడి పార్శ్వం మీద పడకపోతే ఆ రోజు ఫలితం ఎలా ఉండేదో చెప్పడం కష్టం. ఆ దళాలను రెండు పేజీల్లో ముగించి గెలుపంతా వెల్లింగ్టన్ ఖాతాలో రాసిన పుస్తకాన్ని, అట్ట ఎంత అందంగా ఉన్నా, బీరువాలోనే ఉంచేయవచ్చు.

అన్నిటికన్నా ముందు చూడవలసినవి మ్యాపులు. మ్యాపు లేని యుద్ధ చరిత్ర చదవడం గట్లు చూడకుండా పొలం తగాదా తీర్చడం లాంటిది. ఏడేళ్ళ యుద్ధంలో (1756–63), 1757 డిసెంబరు 5న లూథెన్ దగ్గర ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ సుమారు 35,000 మందితో, 60,000కు పైబడిన ఆస్ట్రియన్ సైన్యాన్ని ఓడించాడు. శత్రువుల కుడి పార్శ్వం మీద తాను దాడి చేస్తున్నట్టు నమ్మించి, అసలు బలగాన్ని చిన్నచిన్న గుట్టల చాటున దక్షిణానికి నడిపించి, ఎడమ పార్శ్వాన్ని దెబ్బకొట్టాడు. అంటే ఆ గుట్టలు ఎక్కడున్నాయో కనిపించకపోతే ఆ విజయమే అర్థం కాదు. ఈ యుద్ధం మీద ఇక్కడున్న ఒక లావుపాటి పుస్తకంలో వెనక అతికించిన మడత మ్యాపు ఉంది. మడతల మీద ఎవరో వేసిన టేపు పచ్చబడి, అంచుల్లో కాగితాన్ని తినేసింది; ఒక మడత సరిగ్గా ఆ గుట్టల మీదుగానే పోయింది. వెల పెన్సిలుతో రాసి ఉన్నా, ఆ లోపం చూపిస్తే యజమాని మారుమాట లేకుండా తగ్గించారు. "మ్యాపు సూసుకుని తీసుకోండి బాబూ, తరవాత వాపసు లేదు" అని ముందే చెప్పే మనిషి ఆయన.

అదే పుస్తకంలో భారతదేశానికి ఒక అధ్యాయం కేటాయించారు. 1758లో ఫ్రెంచి గవర్నర్ లాలీ పిలుపు మీద ఫ్రెంచి సేనాని బుస్సీ దక్షిణాదికి వెళ్ళిపోవడం, విజయనగరం రాజు ఆనంద గజపతి విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి పట్టుకుని ఇంగ్లీషువారికి కబురు పంపడం, బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి, మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం కోటను పట్టుకోవడం అందులో వరుసగా చెప్పారు. కానీ 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం ప్రస్తావనే లేదు. బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలిన ఏడాదే ఫ్రెడరిక్ జర్మనీలోని రాస్‌బాక్‌లో ఫ్రెంచివారిని ఓడించాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే పని పాఠకుడే చేసుకోవాలి. మన ప్రాంతపు పాఠకుడికి అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ఈ కాలం మీదే ఇక్కడ పుస్తకాలు తక్కువగా ఉండడం నాకు అసంతృప్తి.

1815 తరువాతి కాలం మీద దొరికేవి మరీ కొద్ది. క్రిమియా యుద్ధం మీద ఒకటి, 1866 నాటి ప్రష్యా, ఆస్ట్రియా యుద్ధం మీద ఒకటి చూశాను. రెండోది సన్నని పుస్తకమే గాని, కొనదగినది. ప్రష్యన్ సైనికుడు సూది తుపాకిని వెనక నుంచి నింపగలిగేవాడు కనుక నేల మీద పడుకునే కాల్చగలిగాడు. ముందు నుంచి దట్టించి నింపే తుపాకి పట్టిన ఆస్ట్రియన్‌కు నిలబడక తప్పేది కాదు. కోనిగ్‌గ్రాట్జ్‌లో జూలై 3న ఆస్ట్రియాకు జరిగిన నష్టంలో ఈ తేడా పాత్ర ఎంతో, రైళ్ళ మీద సైన్యాలను తరలించిన ప్రష్యన్ సేనాధిపతి మోల్ట్కే ప్రణాళిక పాత్ర ఎంతో ఆ రచయిత విడదీసి చూపించాడు. యుద్ధ సిద్ధాంతం మీద ప్రష్యన్ సేనాని క్లాజ్‌విట్జ్ రాసిన గ్రంథం కూడా ఉంది గాని, అది సంక్షిప్త ప్రతి. ఆ సంగతి అట్ట మీద కాక లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ధరలు సాధారణంగా ముద్రిత వెలలో సగానికి అటూ ఇటూగా ఉంటాయి. నెల్సన్ పుస్తకాలకు మాత్రం కొంచెం ఎక్కువే చెబుతారు, బేరమాడవచ్చు. వెలుతురు తక్కువ కనుక పగటి పూట వెళ్ళాలి. వానాకాలంలో కింది అరలోని పుస్తకాలకు చెమ్మ పడుతుంది కాబట్టి పేజీలు అంటుకుపోయాయేమో విప్పి చూసుకోవాలి. కావలసిన యుద్ధం పేరు, సంవత్సరం కాగితం మీద రాసి ఇస్తే, కొత్త కట్టలు వచ్చినప్పుడు యజమాని వెతికి పక్కన పెడతారు.